గొర్రెపిల్లలకు బేబీ షాంపూ

మా అత్తగారింట్లో కొత్త చుట్టం ఎవరొచ్చినా మంచినీళ్ల తర్వాత, చాయ్‌కి ముందు, నా కథ వస్తుంది. మామ మొదలుపెడతాడు, మా ఆయన మసాలా వేస్తాడు, అత్తమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. నేను చాయ్ నెపంతో వంటింట్లోకి పారిపోతాను. చెప్పినకొద్దీ కథ పెరుగుతోంది. మొన్న వచ్చిన చుట్టానికి నేను గొర్రెపిల్లలకు గోరింటాకు కూడా పెట్టానని చెప్పారు. అది అబద్ధం. కాటుక మాత్రమే పెట్టాను.

వాళ్ల నోట్లో పడి నానడం కన్నా నేనే రాసి పెడితే కొంచెమైనా పరువు మిగులుతుందని కూర్చున్నాను. మా చిన్ను ఇప్పుడే పడుకుంది. అది లేచి మంచినీళ్లు అడిగేలోపు, ఒక్క మధ్యాహ్నంలో ఒక మంద మొత్తంలో తల్లికి పిల్లను, పిల్లకు తల్లిని కాకుండా చేసిన వైనం చెప్పేస్తాను. ఇంత పెద్ద కీడు తలపెట్టాలంటే పగవాళ్లకైనా పథకం కావాలి. నాకు ఒక సీసా షాంపూ సరిపోయింది.

ముందు నేనెవరో చెప్పాలి. నేను లెక్కల టీచర్ని. ఎమ్మెస్సీ, బీఎడ్. నల్లగొండలో ఒక ప్రైవేటు బడిలో తొమ్మిదికీ పదికీ చెప్పేదాన్ని. వెనక బెంచీలో ఎవడు నవ్వినా, బోర్డు వైపు తిరిగి ఉండే పేరు పెట్టి లేపేదాన్ని. అంత పేరున్న టీచర్ని కరోనా వచ్చి ఒక ఫోనులో పెట్టి బియ్యం డబ్బా మీద నిలబెట్టింది. ఆన్‌లైన్ క్లాసన్నమాట. నేను త్రికోణమితి చెబుతుంటే అవతల కుక్కర్ కూత, మేక అరుపు, ఎవరి నాయినో బనీనుతో అన్నం తినడం. ఒకరోజు గంటసేపు గొంతు చించుకున్నాక ఒక పిల్లవాడి ఇంట్లోంచి వాళ్ల అవ్వ గొంతు స్పష్టంగా వినిపించింది.

"ఎవల్రా గా పిల్ల, గప్పటిసంది ఒక్కతే మాట్లాడుకుంటాంది. పాపం, ఇంట్ల ఎవ్వరు లేరా?"

ఆ అవ్వ మాట నా వృత్తి జీవితం మీద వచ్చిన అతి నిజాయితీ గల నివేదిక.

రెండో విడత కరోనా వచ్చేసరికి కరస్పాండెంట్ సార్ ఫోన్ చేశారు. "మేడం, మీరు జర రెస్ట్ తీసుకోండ్రి. మళ్ల పిలుస్తం." ప్రైవేటు బడిలో మనిషికి రెస్ట్ అంటే జీతానికి కూడా రెస్ట్ అని మీకు వేరే చెప్పనక్కర్లేదు. సరే, బతికుంటే బలుసాకైనా అమ్ముకోవచ్చని పచ్చళ్ల వ్యాపారం పెట్టాను. చిక్కేమిటంటే మా బడి టీచర్లందరికీ అదే వారం అదే ఆలోచన వచ్చింది. సోషల్ మేడం మామిడికాయ నేను కొన్నాను, నా టమాట పచ్చడి హిందీ సార్ కొన్నారు, హిందీ సార్ వాళ్లావిడ పెట్టిన ఉసిరికాయ సోషల్ మేడం కొన్నారు. అలా కొన్నాళ్లు ఒకరి కారం ఒకరం తిని, అందరికీ కడుపులో మంట వచ్చాక ఆ పరిశ్రమ మూతబడింది.

మా ఆయన పనిచేసే సెల్‌ఫోన్ల దుకాణం కూడా షట్టర్ దించింది. ఇంటి కిరాయి మాత్రం దించలేదు. సామాను కట్టుకుని, రెండేళ్ల చిన్నును ఎత్తుకుని, రామన్నపేట అవతల ఉన్న అత్తగారి ఊరికి చేరాం. అక్కడ కరోనా రానీ పోనీ, గొర్లు మేతకు పోక తప్పదు. అత్తమామల బతుకంతా ఆ మందే.

ఇక్కడ నా స్వభావం గురించి ఒక మాట. నేను పుట్టుకతోనే భయస్తురాలిని. దానికి బీఎడ్ తోడైంది, ఆ తర్వాత చిన్ను పుట్టింది. ఆ రోజుల్లో నేను కడగని వస్తువు లేదు. కూరగాయలు కడిగాను, పాలగిన్నె మూత కడిగాను, తాళంచెవులు ఉడకబెట్టాను. కొత్తిమీరను సబ్బునీళ్లలో జాడించిన రోజు పప్పు నురగ కక్కింది. అత్తమ్మ సంత నుంచి తెచ్చిన నోట్లను కడిగి తీగ మీద ఆరేసి క్లిప్పులు పెడితే, అత్తమ్మ వాటి కింద కాపలా కూర్చుంది.

"ఎవలన్న ఎత్తుకపోతరని కాదు బిడ్డా," అంది. "మన ఇంట్ల పైసలు చెట్లకు కాస్తున్నయని ఊరంత అనుకుంటరు."

ఇంత కడిగినా కరోనా మా ఇంటికి వచ్చే వచ్చింది. దేవుడి దయ వల్ల తేలిగ్గానే పోయింది కానీ నాకూ అత్తమ్మకూ వాసన తెలియకుండా పోయింది. ముక్కులు తిరిగి పనిచేసేదాకా అది మా అత్తాకోడళ్ల స్వర్ణయుగం. ఆమె మాడబెట్టిన పప్పును నేను మారు వడ్డించుకుని తిన్నాను. నేను మురగబెట్టిన ఇడ్లీ పిండిని ఆమె మెచ్చుకుంది. ముక్కు పనిచేయని ఇంట్లో ఎంత శాంతి ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆవిరి పట్టడానికి మా ఆయన తెచ్చిన బామ్ డబ్బాలు గూట్లో వరుసగా మిగిలిపోయాయి. ఈ ముక్కు సంగతీ, ఆ డబ్బాల సంగతీ గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయినా మీరు మర్చిపోవద్దు.

ఊరికి వచ్చినదాన్ని ఊరికే కూర్చోలేక "అత్తమ్మా, నాకు కూడా ఏదన్న పని చెప్పు" అన్నాను. ఆమె నన్ను పైకీ కిందికీ చూసి పిల్లల దొడ్డి అప్పగించింది.

గొర్లు లేని ఇళ్ల వాళ్ల కోసం చెబుతాను. ఈనిన కొద్దిరోజుల పిల్లలను మంద వెంట తోలరు. అవి అంతదూరం నడవలేవు. పొద్దున తల్లుల దగ్గర పాలు తాగించి, పిల్లలను ఇంటి దగ్గర ముళ్లకంప దొడ్డిలో ఉంచి, తల్లులను మేతకు తోలుకుపోతారు. సాయంత్రం మంద తిరిగి రాగానే దొడ్డి తడిక తీస్తారు. అప్పుడు చూడాలి. అన్ని గొర్లూ ఒకేసారి అరుస్తాయి, అన్ని పిల్లలూ ఒకేసారి ఉరుకుతాయి. మన కళ్లకు అంతా దుమ్మూ గోలా. కానీ చాయ్ చల్లారేలోపు ప్రతి పిల్లా తన తల్లి కింద మోకాళ్ల మీద కూర్చుని తోక ఆడిస్తూ ఉంటుంది. తల్లి వంగి పిల్ల వెనక భాగం ఒకసారి వాసన చూసి, మనదే అనుకుంటే నిలబడుతుంది. మనది కాదనుకుంటే కుమ్ముతుంది. మధ్యలో పంచాయితీ లేదు.

నాకు ఈ ఉద్యోగం నచ్చింది. లేత కొమ్మలు కట్టడం, నీళ్లు పెట్టడం, కుక్కలు రాకుండా చూడటం. నేను ఆ పిల్లలకు నా ఆన్‌లైన్ క్లాసు పిల్లల పేర్లు పెట్టాను. పొద్దున్నే హాజరు వేసేదాన్ని. ఇవి కనీసం పిలిస్తే పలికేవి. కెమెరా ఆపేసి నిద్రపోయేవి కావు.

అలా గౌరవంగా గడుస్తుండగా ఆ రోజు వచ్చింది.

అత్తమ్మ టీకా వేయించుకోవడానికి రామన్నపేట దవాఖానకు బయల్దేరింది. మామా, మా ఆయనా మందను తోలుకుని పొద్దున్నే పోయారు. ఆటో ఎక్కేముందు అత్తమ్మ వెనక్కి తిరిగి చెప్పింది.

"పిల్లలకు కొమ్మలు గట్టు. నీళ్లు వెట్టు. ఇంకేం చెయ్యకు."

"సరే అత్తమ్మా."

"గీతా, ఇంకేం చెయ్యకు అన్న. ఇన్నవా?"

"ఇన్న అత్తమ్మా."

విన్నాను. ఇన్నేళ్లు పిల్లలకు "ప్రశ్న రెండుసార్లు చదవండి" అని చెప్పిన మనిషిని, రెండుసార్లు చెప్పిన మాటను ఒక్కసారి కూడా చదువుకోలేదు.

మధ్యాహ్నం చిన్ను కనబడలేదు. వాకిలంతా వెతికితే దొడ్డిలో ఉంది. ఒక గొర్రెపిల్లను మెడ పట్టుకుని ముద్దులు పెడుతోంది. అది చాలదన్నట్టు దాని చెవిని నోట్లో పెట్టుకుని తీరిగ్గా చప్పరిస్తోంది. సరిగ్గా ఆ పొద్దునే వాట్సాప్‌లో వచ్చిన సందేశం చదివాను, జంతువుల బొచ్చులో వైరస్ దాక్కుంటుందని. పంపినవారు మా బడి సైన్సు సారు. ఆయన అప్పటికి కోళ్ల దాణా అమ్ముతున్నారు, అది వేరే సంగతి.

మామూలు తల్లి అయితే పిల్లను దొడ్డిలోంచి బయటికి తెచ్చేది. నేను చదువుకున్న తల్లిని కదా. పిల్లను అక్కడే ఉంచి దొడ్డినంతా శుభ్రం చేయాలని నిర్ణయించుకున్నాను.

రెండు గాబుల నీళ్లు ఎండకు వెచ్చబడి ఉన్నాయి. చిన్నుకు వాడే బేబీ షాంపూ కొత్త సీసా ఉంది. ఒక్కొక్క పిల్లనూ పేరు పెట్టి పిలిచి, ఒళ్లో పెట్టుకుని, కళ్లలో నురగ పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి మరీ తానం పోశాను. కొన్నిటి మెడల మీద, వీపుల మీద ఎర్రటి మరకలున్నాయి. ఒకదానికి ఒక గీత, ఇంకోదానికి రెండు, మరోదానికి చుక్క, వేరేదానికి గీత కింద చుక్క. ఎక్కడ రుద్దుకొచ్చాయో పాపం అనుకుని పీచుతో తోమి తోమి పోగొట్టాను. లెక్కల టీచర్నే. గీత, రెండు గీతలు, చుక్క, గీత కింద చుక్క. ఇదేదో వరుసలా ఉందే అని ఒక్క క్షణం కూడా తోచలేదు.

చిన్ను తువ్వాలు అందించింది. తుడిచాక డెక్కలకు శానిటైజర్. తర్వాత మెడ కింద పౌడర్. ఇంత ముద్దుగా ఉంటే దిష్టి తగులుతుందని నుదుటి పక్కన తలా ఒక కాటుక చుక్క. అన్నిటినీ నీడలో నిలబెట్టి ఫోటో తీసి స్టేటస్ పెట్టాను. "మా కొత్త బ్యాచ్" అని రాశాను. సోషల్ మేడం వెంటనే "యూనిఫాం బాగుంది" అని పంపింది. నా ఉద్యోగం పోయినప్పటి నుంచి నాకు అంత తృప్తి కలిగిన రోజు లేదు. దొడ్డి మొత్తం పురిటి గదిలా ఘుమఘుమలాడుతోంది.

కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు. పౌడర్ రాసిన కాకిపిల్ల కాకికి కూడా అక్కర్లేదని ఏ సామెతా ముందుగా చెప్పలేదు.

సాయంత్రం మంద వచ్చింది. పొదుగులు నిండి తల్లులు దూరం నుంచే అరుస్తూ వస్తున్నాయి. నేను బహుమతి ప్రదానం చేసే ముఖ్య అతిథిలా నవ్వుతూ తడిక తీశాను. పిల్లలు ఉరికాయి. మొదటి పిల్ల తల్లి కింద దూరింది. తల్లి వంగి వాసన చూసింది. తల ఎత్తింది. మళ్లీ చూసింది. ఫెడేల్మని కుమ్మింది. పిల్ల పల్టీ కొట్టింది.

రెండోదీ అంతే. మూడోదీ అంతే. కాసేపట్లో వాకిలంతా యుద్ధరంగం. పిల్లలు ఒక తల్లి దగ్గర తన్ను తిని ఇంకో తల్లి దగ్గరికి, అక్కడ తన్ను తిని మరో తల్లి దగ్గరికి తిరుగుతున్నాయి, రేషన్ దుకాణం ముందర వేలిముద్ర పడని ముసలవ్వల్లాగా. తల్లులేమో "నా పిల్ల ఏది, ఈ పౌడర్ డబ్బా ఎవరిది" అన్నట్టు నా మొహంలోకి చూసి అరుస్తున్నాయి.

మామ కట్టె నేలకు ఆనించి నిలబడ్డాడు. ఒక పిల్లను ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏం పూసినవ్ బిడ్డా?"

"ఏం లేదు మామా. జర తానం పోసిన."

"ఏంటితోని?"

"షాంపూతోని. చిన్నుదే. కండ్లు మండది."

మా ఆయన ఇంకో పిల్లను ఎత్తాడు. "పౌడర్ గూడ ఏసినట్టున్నది నాయినా. గీ చుక్క ఏంది గీతా?"

"దిష్టికి."

మామ పక్కనున్న తల్లి గొర్రె వైపు తిరిగాడు. "పెద్ద గొర్లను వాగుల కడుగుతం," అన్నాడు, గొర్రెతో మాట్లాడుతున్నట్టుగా. "పాలు తాగే పిల్లలను కడుగం. తల్లికి వాసనే గుర్తు. సరే, అయింది అయింది. ఎర్ర గుర్తులున్నయి గద, గవి చూసి కలుపుదాం." పిల్లను తిప్పి చూశాడు. ఇంకోదాన్ని తిప్పి చూశాడు. "గుర్తులేవి?"

"మరకలా మామా? తోమిన."

అప్పుడు తెలిసింది. కొత్తగా ఈనిన తల్లికీ పిల్లకూ ఒకే గుర్తు వేస్తాడట మామ, తేడా వస్తే కలపడానికి. తల్లుల వీపుల మీద గీతలూ చుక్కలూ ఇంకా ఎర్రగా మెరుస్తున్నాయి. ప్రశ్నలన్నీ ఉన్నాయి. జవాబులన్నీ నేను కడిగేశాను.

సరిగ్గా అప్పుడే అత్తమ్మ ఆటో దిగింది. టీకా వేసిన చేతిని రెండో చేత్తో పట్టుకుని వాకిట్లోకి వచ్చి, గాలి పీల్చి, దొడ్డి చూసి, గాబుల్లో నురగ చూసి, నన్ను చూసింది.

"ఇంకేం చెయ్యకు అంటిని గదనే."

"అత్తమ్మా, చిన్ను చెవు నోట్ల పెట్టుకున్నది."

"గొర్రె చెవు నా కొడుకు గూడ నోట్ల పెట్టుకున్నడు. చచ్చిండా? నీ పక్కనే నిలబడ్డడు చూడు." ఒక పిల్లను ఒంటిచేత్తో ఎత్తి దాని తల నిమిరింది. "తాగ పాలు లేవు గని తలకు షాంపూ. ఇవి పొద్దటిసంది తాగలేదు. ఈ పూట తాగకుంటే సన్నపిల్లలు తెల్లారేదాక నిలువవు. ఎన్ని పోతయో ఏమో."

నవ్వు కోసం రాస్తున్నాను కానీ ఆ మాట నవ్వు కోసం అన్నది కాదు. ఇంట్లో రెండు జీతాలు ఆగిపోయి, అందరం ఆ మంద మీదే తింటున్నాం. పైగా పాలకు ఏడ్చే పిల్ల గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు. చిన్ను నెలల పిల్లగా ఉన్నప్పుడు బడిలో క్లాసు మధ్యలో నా జాకెట్టు తడిసేది. ఆ తల్లులు అరుస్తున్నది ఎందుకో నాకు ఎవరూ అనువదించి చెప్పనక్కర్లేదు.

అత్తమామలు జతలు కలపడం మొదలుపెట్టారు. అక్కడ ఇంకో యుద్ధం.

"ఇది బొల్లిదాని పిల్ల," అన్నాడు మామ.

"నీ మొకం. ఇది చెవులదాని పిల్ల. ఈనిననాడు నేనే పట్టిన."

"నేను గుర్తేసిన."

"నువ్వు గుర్తేసింది గదే పొద్దుగాల కల్లు దాగినంక."

మా ఆయన నా చెవిలో అన్నాడు, "మేడం, మీ బ్యాచ్ మంచిగ మెరుస్తున్నది గని టీసీలే దొరుకుతలెవ్వు." ఆ క్షణంలో విడాకులకు నేను సిద్ధంగానే ఉన్నాను, సంతకం పెట్టే చెయ్యి ఖాళీ లేదు. రెండు చేతుల్లో గొర్రెపిల్లలున్నాయి.

ఎవరి పిల్లో తేలినా ప్రయోజనం లేదు. సొంత తల్లి కూడా షాంపూ వాసనకు తన్నుతోంది. మామ తల్లి పాలు పిండి పిల్ల ఒంటికి రాసి, దాని పేడ రుద్ది చూశాడు. ఒకటి రెండు తల్లులు అనుమానంగా ఒప్పుకున్నాయి. మిగతావి ఒప్పుకోలేదు. పొద్దు గూకుతోంది. ఒక్కో తల్లిని నలుగురం పట్టుకుంటే ఒక్కో పిల్ల నాలుగు చుక్కలు తాగుతోంది. ఇలాగైతే మంద అయ్యేసరికి మేమే తెల్లారతాం. గొర్రె కసాయివాణ్ణి నమ్ముతుందంటారు. లెక్కల టీచర్ని మాత్రం నమ్మదు, అది నేను ఒళ్లంతా దెబ్బలతో నేర్చుకున్నాను.

అలా పేడ చేతులతో నిలబడి ఉంటే నాకు మాడిన పప్పు గుర్తొచ్చింది.

"మామా," అన్నాను. "గొర్లకు వాసన తెలువకుంట జేస్తే?"

"అంటే?"

"నాకు, అత్తమ్మకు పోయినట్టు. ముక్కు పనిచెయ్యకుంటే పిల్ల ఎవలిదో తెలువది గద. పొదుగు నిండి సలుపుతాంది, ఏ పిల్ల తాగినా నిలబడుతయి."

అత్తమ్మ నెమ్మదిగా అంది.

"పిల్లలకు తానం పోసినవ్. గిప్పుడు తల్లులకు కరోనా తెప్పిస్తవా బిడ్డా?"

"కరోనా కాదత్తమ్మా. బామ్."

గూట్లోంచి బామ్ డబ్బాలన్నీ తెచ్చాను. మామకు నమ్మకం లేదు కానీ వేరే దారీ లేదు. మా ఆయన ఒక తల్లిని కాళ్ల మధ్య ఇరికించి పట్టుకున్నాడు, నేను వేలితో బామ్ తీసి ముక్కుపుటాల చుట్టూ పట్టించాను. అది కళ్లు పెద్దవి చేసి నన్ను చూసి, మా ఆయన మొహం మీద బలంగా తుమ్మింది. టీసీల మాటకు అది తగిన జవాబు. నేను ఒక పిల్లను దాని కిందికి తోశాను. గొర్రె వంగి వాసన చూసింది. ఎటూ తేల్చుకోలేక ఇంకోసారి తుమ్మింది. ఆ తుమ్ముల మధ్యలో పిల్ల పొదుగు అందుకుంది. తల్లి కదల్లేదు.

పిల్ల తోక ఊగింది. ప్రపంచంలో ఎన్ని పతాకాలు ఊగినా ఆ చిన్న తోక ఊగినంత అందంగా ఉండవు.

తర్వాత ఇంక ఆగలేదు. వరుసగా అన్ని ముక్కులకూ బామ్. మంద మొత్తం తుమ్ములు. చిన్ను ప్రతి తుమ్ముకూ "సత్తెం" అని చప్పట్లు కొడుతోంది. గోడ అవతల నుంచి పక్కింటి లచ్చవ్వ తల ఎత్తింది, మాస్కు కళ్ల దాకా లాక్కుని.

"మల్లక్కా, మీ గొర్లకు గూడ అంటిందా?"

అత్తమ్మ పేరు మల్లమ్మ. ఆమె టీకా చెయ్యి పట్టుకుని తాపీగా చెప్పింది. "అవునే లచ్చవ్వా. మా కోడలు తెప్పిచ్చింది."

అంతే. తెల్లారి ఆశా కార్యకర్త వేలికి పెట్టే మిషన్ పట్టుకుని మా వాకిట్లోకి వచ్చి "తుమ్ములు ఎవరికి?" అని అడిగింది. మామ మంద వైపు చూపించాడు. ఆమె మిషన్ వైపు, గొర్రె డెక్కల వైపు మార్చి మార్చి చూసి, ఏమీ రాసుకోకుండా వెళ్లిపోయింది. వారం రోజులు మా ఇంటికి ఎవరూ రాలేదు. చుట్టాల బెడద లేని ఆ వారాన్ని అత్తమ్మ ఇప్పటికీ తలుచుకుంటుంది.

పిల్లలన్నీ బతికాయి. రెండు మూడు రోజులు బామ్ నడిచింది. ఆలోగా షాంపూ వాసన పోయి, పిల్లలకు పిల్లల వాసన వచ్చింది, తల్లులకు ముక్కు వచ్చింది. కొన్ని జతలు తారుమారైనట్టే ఉన్నాయి. నల్ల పిల్ల ఒకటి తెల్ల తల్లి వెంట తిరిగేది. "మార్చుదామా మామా" అని అడిగితే ఆయన చెయ్యి ఊపాడు. "పాలిస్తాంది, తాగుతాంది. ఇంక మనకెందుకు బిడ్డా పంచాయితి." నాకు మాత్రం పిల్లల దొడ్డి ఉద్యోగం పోయింది. ప్రైవేటు బడి కన్నా తొందరగా తీసేశారు.

బళ్లు తెరిచాక కరస్పాండెంట్ సార్ పిలిచారు. నా తొమ్మిదీ పదీ వేరే సారు తీసుకున్నాడట.

"నర్సరీ ఉన్నది మేడం. కానీ కష్టం. కరోనాల పెరిగిన పిల్లలు. ఇల్లు దాటి ఎరుగరు. అందరు ఒక్కసారే ఏడుస్తరు, తల్లుల కోసం. మీరు హైస్కూల్ టీచరు, మీకు అనుభవం ఉండదు."

"ఉంది సార్," అన్నాను.

ఆయన ఎక్కడ అని అడగలేదు. నేను చెప్పలేదు.

మొదటి రోజు అద్భుతంగా గడిచింది. ఏడ్చే పిల్లల మధ్య నేను అదరలేదు, బెదరలేదు. ఒకణ్ణి ఒళ్లో, ఒకదాన్ని భుజాన వేసుకుని పాటలు పాడాను. మధ్యాహ్నానికి అందరూ ఏడ్చి ఏడ్చి కాటుకలు కారి, ముక్కులు కారి, జుట్లు రేగి చూడటానికి భయంకరంగా తయారయ్యారు. తల్లులు వచ్చే వేళైంది. ఈ మొహాలతో పంపితే బడికి చెడ్డపేరు. నా బ్యాగులో చిన్ను సామాను ఎప్పుడూ ఉంటుంది.

మొహాలు కడిగాను. పౌడర్ రాశాను. అందరికీ నూనె పెట్టి ఒకే వైపు పాపిడి తీశాను. బడి వాళ్లు ఇచ్చిన ఒకే రంగు కొత్త మాస్కులు తొడిగాను. ఒకే యూనిఫాం. వరుసలో నిలబడితే అచ్చుపోసిన బొమ్మల్లా ఉన్నారు. ఈ దృశ్యం ఎక్కడో చూశానే అని లోపల ఏదో గిలిగింతలు పెట్టింది. పట్టించుకోలేదు.

గేటు దగ్గర ఒక అవ్వ మనవడి కోసం వచ్చింది. పేరు చెప్పింది. నేను నమ్మకంగా ఒక పిల్లవాణ్ణి చెయ్యి పట్టి అప్పగించాను. అవ్వ వంగి మాస్కు పైనున్న కళ్లు చూసింది. సందేహంగా నా వైపు చూసింది. మళ్లీ వంగి వాడి నడినెత్తిన ముక్కు ఆనించి, ఒకసారి గట్టిగా వాసన పీల్చింది.

తల ఎత్తి, రెండడుగులు వెనక్కి వేసి అంది.

"గీడు మావోడు కాదు మేడం."

ఒట్టేసి చెబుతున్నాను, నేను ఏమీ ఆలోచించలేదు. నా చెయ్యి దానంతటదే బ్యాగులోకి పోయి బామ్ డబ్బా కోసం వెతికింది.

అందువల్ల, ముక్కున్న సమస్త ప్రాణుల సాక్షిగా, గూట్లో మిగిలిన ఆఖరి బామ్ డబ్బా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: రెండు కాళ్లదైనా, నాలుగు కాళ్లదైనా, కన్నతల్లి నోరు తెరిచి అడగనిదే ఎవరి పిల్లకూ నేను తానం పోయను. మొహం కూడా కడగను. కారే ముక్కును కారనిస్తాను.

చిన్ను పక్క మీద అటు నుంచి ఇటు పొర్లింది. ఇవాళ స్నానం చేయనని మొండికేసి మట్టికాళ్లతోనే పడుకుంది. పొద్దున ఎలాగూ తప్పదు, నా పిల్లే కాబట్టి ప్రమాణం అడ్డం రాదు. కానీ దీపం తీసేముందు దాని తల మీదికి వంగి ఒకసారి గట్టిగా వాసన చూసి పెట్టుకుంటాను. కడిగాక మళ్లీ గుర్తుపట్టాలి కదా.